అరటికి కొట్టే మందు, లేజర్‌లో పెట్టే స్ఫటికం

రావులపాలెంలో మా బాబాయికి ఎరువుల కొట్టుంది. లోపల ఎడమచేతి గోడకి, బస్తాల వెనకాల, ఒక ఇనప బీరువా. నీళ్లలో కలిపి పిచికారీ చేసే సరుకంతా అందులోనే ఉంటుంది. 19-19-19, 13-0-45, 0-0-50, వాటి పక్కన 0-52-34. రైతులు ఆ అంకెలతోనే అడుగుతారు. గెల వేసిన అరటికి కొడతారు, కూరగాయ పాదులకి కొడతారు, కడియం నర్సరీల వాళ్లు పూలమొక్కలకి పట్టుకెళ్తారు. నత్రజని సున్నా, భాస్వరం 52, పొటాష్ 34 అని ఆ అంకెల లెక్క. రసాయనశాస్త్రం పుస్తకంలో దాని పేరు పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్. లేజర్ల పనిలో ఉన్నవాళ్లు కేడీపీ అంటారు.

నాకది మొదట కేడీపీగానే తెలుసు. చెన్నైలో ఎంఫిల్ చేసేటప్పుడు బీకర్లలో ఆ స్ఫటికాలు పెంచాను. తర్వాత కొన్నేళ్లు లేజర్ స్ఫటికాలు చేసే ఒక కంపెనీలో కొలిమి దగ్గర ఉద్యోగం. ఇప్పుడు కోనసీమలో డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెబుతున్నాను. సెలవుల్లో కొట్లో కూర్చుంటే బాబాయి ప్యాకెట్లు అమ్ముతుంటాడు, నేను వాటి వెనక రాసింది చదువుతుంటాను. తేమ ఎంత, సోడియం ఎంత అని ఉంటుంది. ఇనుము ఎంతో ఉండదు. అరటిచెట్టుకి ఆ లెక్కతో పనిలేదు. స్ఫటికం బతుకు మాత్రం ఆ లెక్క మీదే ఉంది.

కేడీపీ తనంతట తాను లేజర్ వెలుగు పుట్టించదు. వేరేచోట పుట్టిన వెలుగు దాని గుండా సరైన కోణంలో పోతే రంగు మారుతుంది. కంటికి కనపడని 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న పరారుణం లోపలికెళ్లి 532 నానోమీటర్ల పచ్చ వెలుగుగా బయటికొస్తుంది. రెండు కాంతి కణాలు కలిసి, రెట్టింపు శక్తి ఉన్న ఒక్క కణం అవుతాయి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్తే పిల్లల చేతుల్లో పచ్చ లేజర్ లైట్లు చూస్తుంటాం కదా, అలాంటి చాలా లైట్లలో జరిగేదీ ఇదే. కాకపోతే వాటిలో ఉండేది కేడీపీకి చుట్టమైన కేటీపీ, అదీ బియ్యపు గింజలో సగం ఉంటుందేమో. ఇక్కడో మాట చెప్పకుండా ముందుకు పోలేను. చవక లైట్లలో మిగిలిపోయిన పరారుణాన్ని ఆపే ఫిల్టర్ పెట్టరు. పచ్చ చుక్క మసగ్గా ఉంది కదా అని పిల్లలు కళ్లలోకి కొట్టుకుంటారు. దానితోపాటు వచ్చే కనపడని వెలుగు అంతకంటే ఎక్కువ ఉండొచ్చు. కొనివ్వకండి.

అదే పని పెద్ద ఎత్తున చేసే చోటు కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల. అక్కడి నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో 192 లేజర్ కిరణాలు ఒకే చిన్న లక్ష్యం మీదికి పోతాయి. 2022 డిసెంబర్ 5న 2.05 మెగాజౌళ్ల లేజర్ శక్తి పంపితే 3.15 మెగాజౌళ్ల సంలీన శక్తి, అంటే పరమాణు కేంద్రకాలు కలిసినప్పుడు పుట్టే శక్తి, వచ్చిందని పేపర్లన్నీ రాశాయి. ఆ కిరణాలు పుట్టేది 1053 నానోమీటర్ల దగ్గర. లక్ష్యాన్ని తాకేముందు 351కి, అంటే అతినీలలోహితానికి మారాలి. ఆ మార్చేవి కేడీపీ పలకలే. ఒక్కోటి దాదాపు 40 సెంటీమీటర్ల పక్కలున్న పలక. అంత పలక కోయాలంటే ఎంత స్ఫటికం కావాలో చూడండి. కేడీపీ కరిగించిన నీళ్ల తొట్లో మామూలు పద్ధతిలో పెంచితే, రోజుకి ఒక మిల్లీమీటరు చొప్పున, రెండేళ్ల దాకా పట్టేది. మాస్కోలో మొదలై లివర్‌మోర్‌లో కొలిక్కి వచ్చిన వేగపు పద్ధతిలో అది రెండు నెలలకి దిగింది. ఈ పనిలో నటాలియా జైత్సేవా పేరు తప్పకుండా చెప్పుకోవాలి. ఆ తొట్లలో పెరిగిన స్ఫటికాలు దాదాపు 360 కిలోల దాకా తూగాయి.

వేగం ఎలా పెరిగింది? కిటుకు తొట్టిలో లేదు, నీళ్లలో ఉంది. ద్రావణం చల్లబడేకొద్దీ అందులో కరిగి ఉండగలిగే దానికంటే ఎక్కువ సరుకు ఉండిపోతుంది. ఆ ఎక్కువ సరుకు ఎక్కడో ఒకచోట గట్టిపడాలని చూస్తుంది. దుమ్ము కణం దొరికితే దాని మీద, గాజు గీత దొరికితే దాని మీద. మనం వేలాడదీసిన విత్తనం, అంటే ముందే పెంచిన చిన్న స్ఫటికం, మీద మాత్రమే గట్టిపడాలంటే మిగతా ఆధారాలన్నీ తీసేయాలి. అందుకే ద్రావణాన్ని ముందు బాగా వేడిచేసి కంటికి కనపడని పొడి స్ఫటికాలను కూడా కరిగిస్తారు, మైక్రాన్‌లో పదో వంతు కూడా లేని రంధ్రాల్లోంచి వడకడతారు. అలా శుభ్రమైన ద్రావణాన్ని బాగా చల్లార్చినా బుద్ధిగా ఉంటుంది. అప్పుడు స్ఫటికాన్ని తొందరపెట్టొచ్చు.

ఇనుము సంగతి వేరే. ఇనుము, క్రోమియం, అల్యూమినియం, ఈ మూడూ కేడీపీకి పడవు. మిలియన్‌లో కొన్ని పాళ్లు ఉన్నా స్ఫటికం నిలువు ముఖాలకి అతుక్కుంటాయి. అతుక్కున్నచోట కొత్త పొర ముందుకు సాగదు. పైనున్న కూచి ముఖాలు పెరుగుతూనే ఉంటాయి, పక్క ముఖాలు ఆగిపోతాయి. ఫలితంగా స్ఫటికం పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది.

కొట్టు సరుకుతో నేను ఇంట్లో పెంచే స్ఫటికాలన్నీ అలా సన్నబడేవే. ఇది పిల్లలకి చూపించడానికి పెట్టుకున్న పని. మా తరగతిలో పెంచమంటే అందరూ పటికతో మొదలుపెడతారు. గోదారి బురద నీళ్లలో తిప్పడానికి ఇంట్లో ఉన్న పటిక తెచ్చి, ఏమీ రావడంలేదు మేడమ్ అంటారు. ఆ నీళ్ల పటిక చాలావరకు అల్యూమినియం సల్ఫేట్, దానితో మంచి స్ఫటికం రాదు. మంగలి షాపులో గడ్డం గీశాక రాసే పలుకు తెచ్చుకోండి, అది పొటాష్ పటిక, ఎనిమిది ముఖాలతో చక్కగా పెరుగుతుంది అని చెబుతాను. ఆ తర్వాత 0-52-34 ఇస్తాను.

పద్ధతి పెద్దదేమీ కాదు. గోరువెచ్చని ఆర్‌ఓ నీళ్లలో పొడి కరగదీసి, వడకట్టి, స్టీలు పళ్లెంలో పలచగా పోసి వదిలేస్తే మర్నాటికి గింజలు పడతాయి. వాటిలో నీళ్లలా తేటగా, అంచులు విరగకుండా ఉన్నదాన్ని ఏరాలి. భూతద్దంతో చూస్తే నాలుగు పలకల కడ్డీ, రెండు చివర్లా కూచిగా ఉంటుంది. దాన్ని గాలానికి కట్టే సన్న నైలాన్ దారంతో కట్టి సంతృప్త ద్రావణంలో, అంటే ఇక కరగనంత పొడి కరిగి ఉన్న నీళ్లలో, వేలాడదీయాలి. ఇక్కడే పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని చూస్తారు. సీసా వెనకాల టార్చిలైటు పెట్టి విత్తనం కింద చూడమంటాను. సన్నటి పోగు ఒకటి అడుగుకి జారుతుంటే విత్తనం కరిగిపోతోందన్నమాట. దాని చుట్టూ నీళ్లు చిక్కబడి, బరువెక్కి దిగుతున్నాయి. పోగు పైకి లేస్తుంటే విత్తనం పెరుగుతోంది, దాని చుట్టూ ఉన్న నీళ్లు సరుకు ఇచ్చేసి తేలికపడ్డాయి. ఏ పోగూ లేకపోతే సరిగ్గా సంతృప్తం దగ్గర ఉన్నాం. థర్మామీటరు చెప్పలేని సంగతి ఆ పోగు చెబుతుంది.

సీసాని నీళ్ల టబ్బులో పెట్టి, టబ్బుని రొయ్యలు ప్యాక్ చేసే థర్మాకోల్ పెట్టెలో దించుతాను. చేపల తొట్టెలో పెట్టే హీటరు ఒకటి. రోజుకి అర డిగ్రీ చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. ప్రయోగశాలల్లో డిగ్రీలో వందో వంతు తేడా రాకుండా చూస్తారు, మా పెట్టెలో అంత సీను లేదు. మధ్యాహ్నం కరెంటు పోయి సాయంత్రం వస్తే ఆ మేరకు స్ఫటికంలో మసక పట్టీ ఒకటి కనిపిస్తుంది. ద్రావణం వేడెక్కితే పైపొర కాస్త కరుగుతుంది, చల్లబడి మళ్లీ పెరగడం మొదలైనప్పుడు ఆ గరుకు మీద చిన్న చిన్న నీటి బుడగలు లోపల ఇరుక్కుపోతాయి. మే నెలలో పెంచిన స్ఫటికాన్ని అడ్డంగా పట్టుకుని చూస్తే ఏ రోజుల్లో కరెంటు పోయిందో చెప్పొచ్చు.

సరుకుని శుభ్రం చేసే దారి కూడా స్ఫటికమే చూపిస్తుంది. కరగదీసి, చల్లార్చి, పడిన గింజలు తీసుకుని మిగిలిన నీళ్లు పారబోయడమే. గింజ కట్టేటప్పుడు ఇనుములాంటివాటిని చాలావరకు బయటికి నెట్టేస్తుంది, అవి నీళ్లలో ఉండిపోతాయి. మళ్లీ కరగదీసి అదే పని చేస్తే ఇంకాస్త శుభ్రం. నెమ్మదిగా చేస్తేనే నెట్టగలదు. గబగబా చల్లారిస్తే నెట్టే తీరిక లేక లోపలే మూసేస్తుంది. పారబోసిన నీళ్లు కూడా వృథా కావు, పెరట్లో చక్కెరకేళీ మొదట్లో పోస్తాను.

"కిలో మందు తీసుకెళ్లి, ఇన్ని రోజులు కాపలా కాసి, వేలెడు రాయి చేశావు. అమ్మితే ఎంతొస్తుందే?" అన్నాడు బాబాయి ఒకసారి.

"ఏమీ రాదు బాబాయ్. మధ్యలో మసకుంది."

"మరి మసక లేకుండా చెయ్యొచ్చుగా."

"నీ ప్యాకెట్లో ఇనుముంది."

కొట్టులో కుర్రాడు వెంటనే అందుకున్నాడు. "ఆయ్, మన సరుకులో ఇనుమేటండీ, కంపెనీ సీలండి!" బాబాయి నాతో ఒక పూటంతా మాట్లాడలేదు.

వానాకాలం వచ్చిందంటే పెంచడం కంటే దాచడం కష్టం. ఉప్పు డబ్బా మూత తీయగానే చెమ్మగిల్లే ఊళ్లు మావి. కేడీపీకి తేమ అసలు గిట్టదు. మెరుగు పెట్టిన ముఖం శ్రావణమాసంలో బయట వదిలేస్తే పాలిపోతుంది. వేడి కూడా గిట్టదు. ఫ్యాను కింద చల్లగా ఉన్న స్ఫటికాన్ని ఒక్కసారిగా అరచేతిలో మూస్తే టిక్‌మని పగుళ్లు పడతాయి. పరికరాల్లో వాడేటప్పుడు దీన్ని గాలి చొరబడని గూట్లో మూసి పెట్టేది అందుకే.

ఇప్పుడు వెలుగు పుట్టించే స్ఫటికం దగ్గరికి వస్తాను. అది మా పిన్ని కంట్లో పనిచేసింది.

పిన్నికి శుక్లం ఆపరేషన్ అయి కొన్నేళ్లయింది. ఈమధ్య మళ్లీ మసకలు వస్తే రాజమండ్రి తీసుకెళ్లాం. లోపల పెట్టిన కృత్రిమ కటకం వెనకున్న పొర మబ్బు పట్టిందన్నారు, యాగ్ లేజర్ కొట్టారు. సూది లేదు, కోత లేదు, కూర్చోబెట్టి కొద్ది నిమిషాల్లో పంపేశారు.

"ఎర్ర చుక్క కనపడిందే, టక్ టక్‌మంది, అయిపోయిందన్నారు. ఆ ఎర్రదేనా నువ్వు చేసే రాయి?"

"ఆ ఎర్రది గురి చూసుకోవడానికి పిన్నీ. అసలు లేజర్ నీకు కనపడదు."

అసలుది 1064 నానోమీటర్ల పరారుణం. ఒక్కో దెబ్బకి రెండు మిల్లీజౌళ్లు అనుకుందాం. ఆ శక్తితో చెంచాడు నీళ్లు కూడా వేడెక్కవు. కానీ అదంతా సెకనులో వంద కోట్లో వంతుల్లో, నాలుగైదు నానోసెకన్లలో, వెంట్రుక మందం కూడా లేని చోట పడుతుంది. ఆ క్షణానికి లెక్కవేస్తే నాలుగైదు లక్షల వాట్లు. అక్కడ చిన్న మెరుపు పుట్టి, దాని అదురుకి పొర చిరుగుతుంది. పిన్ని విన్న టక్ అదే.

తమాషా ఏమిటంటే, ఆ రోజు పిన్ని వేలికి గోమేధికం ఉంగరం ఉంది. రాహువు కోసమని ఎవరో పెట్టుకోమన్నారట. నవరత్నాల్లోని గోమేధికం గార్నెట్ జాతి రాయి. యాగ్ అంటే యిట్రియం అల్యూమినియం గార్నెట్. గోమేధికంలో కాల్షియం ఉన్న స్థానాల్లో యిట్రియం, సిలికాన్ ఉన్న స్థానాల్లో అల్యూమినియం పెడితే యాగ్ అవుతుంది. పరమాణువుల అమరిక అదే. పాపికొండల ఖొండలైట్ రాళ్లలో కూడా గార్నెట్ గింజలుంటాయి. గోదారి వాటిని అరగదీసుకుంటూ సముద్రం దాకా తెస్తుంది. అంతర్వేది ఒడ్డున నల్ల ఇసుక చారల్లో ఎర్రగా మెరిసే పొడి అదే. మన తూర్పు తీరపు ఇసుకలో మోనజైట్ కూడా ఉంది, యాగ్‌లో వెలుగు పుట్టించడానికి కలిపే నియోడిమియం దొరికేది అలాంటి ఖనిజంలోనే. యాగ్‌ని మాత్రం మనుషులే కొలిమిలో చేశారు.

మొదటి లేజర్ యాగ్ కాదు, కెంపు. 1960 మే 16న థియొడోర్ మైమన్ కృత్రిమ కెంపు కడ్డీ చుట్టూ మెరుపు దీపం చుట్టి వెలిగించాడు. మంటలో పొడి కరిగించి కెంపులు చేసే పద్ధతి అప్పటికే పాతది, వెర్నాయ్ అనే ఫ్రెంచి రసాయనవేత్త 1902లోనే బయటపెట్టాడు. మన కంసాలులు సింథటిక్ కెంపు అని పక్కన పెట్టేవి ఇప్పటికీ ఎక్కువగా ఆ పద్ధతిలోవే. కెంపుతో ఇబ్బంది ఏమిటంటే, అందులోని క్రోమియం అయాన్లలో సగానికి పైగా ఉత్తేజపరిస్తే తప్ప లేజర్ రాదు. నియోడిమియంకి ఆ పేచీ లేదు, కొన్ని లేచినా చాలు. 1964లో బెల్ ల్యాబ్స్‌లో నియోడిమియం యాగ్ వెలిగింది. 2008లో చంద్రయాన్-1 చంద్రుడి ఎత్తుపల్లాలు కొలిచింది కూడా నియోడిమియం యాగ్ లేజర్‌తోనే.

దాన్ని పెంచే పద్ధతికి చొక్రాల్‌స్కీ అనే పోలెండు ఆయన పేరు పెట్టారు. 1916లో ఆయన రాసుకుంటూ కలాన్ని సిరాబుడ్డి అనుకుని కరిగిన తగరంలో ముంచాడని, తీస్తే పాళీ చివర సన్నటి తీగ వచ్చిందని చెబుతారు. ఆ తీగ ఒకే స్ఫటికం. కరిగిన సరుకులో విత్తనం ముంచి, తిప్పుతూ, నెమ్మదిగా పైకి లాగడం. ఇప్పుడు చిప్పుల సిలికాన్ చాలావరకు ఇలాగే వస్తోంది.

యాగ్ కరిగేది 1970 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర. సరుకు కరిగించే పాత్రని మూస అంటారు, ప్లాటినం మూస అంతకుముందే కరిగిపోతుంది. అందుకే ఇరీడియం మూస వాడతారు, అది 2446 డిగ్రీల దాకా నిలబడుతుంది. ఇరీడియం ధర ఈమధ్య ఏళ్లలో బంగారాన్ని దాటిపోయింది. మా కంపెనీలో మూస బరువు తూచి, సంతకం పెట్టించుకుని మరీ ఇచ్చేవాళ్లు. గాలి తగిలితే ఆ వేడిలో ఇరీడియం పొగలా పోతుంది, కాబట్టి చుట్టూ నైట్రోజన్ నింపుతారు. మూస చుట్టూ రాగి గొట్టం చుట్లు, వాటిలో అధిక పౌనఃపున్య కరెంటు. చుట్లలో చల్లని నీళ్లు పారుతూ ఉంటాయి, లోపల మూస తెల్లగా మండుతూ ఉంటుంది.

నల్లద్దం లోంచి చూస్తే కరుగు ముఖం మీద అంచు నుంచి మధ్యకి నల్లటి గీతలు నడుస్తూ కనిపిస్తాయి. అంచున వేడి, మధ్యలో కాస్త చలువ. చల్లబడిన సరుకు మధ్యలో కిందికి దిగుతుంది, ఆ దారులే గీతలు. అవన్నీ కలిసే చోట విత్తనాన్ని దించాలి. తాకగానే దాని చుట్టూ మెరిసే ఉంగరం ఒకటి ఏర్పడుతుంది. ఉంగరం పెద్దదవుతుంటే స్ఫటికం లావెక్కుతోంది, చిన్నదవుతుంటే కరిగి తెగిపోబోతోంది. నేను చేరేనాటికి లావు చూసుకునే పని త్రాసుకి అప్పగించారు. స్ఫటికం బరువు పెరిగే తీరునిబట్టి కంప్యూటరు పవర్ తగ్గిస్తుంది, పెంచుతుంది. అయినా విత్తనం దించే గంట మాత్రం మనిషిదే. ఆ గంట ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు, ఏసీ గదిలో కూడా చెమటలు.

ఇక లాగే వేగం గంటకి అర మిల్లీమీటరు. రోజంతా లాగితే పన్నెండు మిల్లీమీటర్లు. మన జానెడు కంటే తక్కువ కడ్డీకి రెండు వారాలు, వేడిచేయడం, చల్లార్చడం దానికి అదనం. ఇంత నెమ్మది ఎందుకని పిల్లలు అడుగుతారు. ఉత్త యాగ్ అయితే ఇంకా వేగంగా లాగొచ్చు. నియోడిమియం వల్లే ఈ అవస్థంతా. యిట్రియం కూర్చునే చోట దాన్ని కూర్చోబెట్టాలి, కానీ దాని సైజు కొంచెం పెద్దది. స్ఫటికం ఒప్పుకోదు. కరుగులో అయిదు పాళ్లుంటే ఒక పాలు మాత్రం తీసుకుని మిగతావి బయటికి తోసేస్తుంది. తోసేసినవి స్ఫటికం అడుగునే గుమిగూడతాయి. అవి పక్కకి చెదిరి కరుగులో కలిసేదాకా ఆగాలి. ఆగకుండా లాగితే గుంపు గుంపుగా లోపల చిక్కుకుని తెల్లటి ముసురులా మిగిలిపోతాయి. ఆ భాగం లేజర్‌కి పనికిరాదు. కేడీపీలో ఇనుము రాకుండా కాపలా కాస్తాం, ఇక్కడ నియోడిమియంని బతిమాలి లోపలికి పంపుతాం. రెండు చోట్లా స్ఫటికం చేసేది మాత్రం ఒకటే, తనది కానిదాన్ని నెట్టేయడం.

నెట్టేసిందంతా కరుగులోనే ఉంటుంది కాబట్టి, కరుగు తగ్గేకొద్దీ అందులో నియోడిమియం పాలు పెరుగుతుంది. కడ్డీ పై చివర ఒక రకం, కింది చివర ఇంకో రకం. అందుకని మూస ఖాళీ అయ్యేదాకా లాగరు. నా మొదటి నెలలో మిగిలిన కరుగు చూసి ఇంత పారేస్తారా అనుకున్నాను. పారేయరు, తర్వాతి దఫాకి కలుపుతారు.

ఇంకో తలనొప్పి కోర్. కరుగులోకి పొడుచుకొచ్చిన స్ఫటికపు మొన మీద చిన్న చదును ముఖాలు ఏర్పడి, అక్కడ నియోడిమియం కాస్త వేరే పాళ్లలో చేరుతుంది. కడ్డీ నడిమధ్యలో పొడుగునా ఒత్తిడి పట్టిన గీత తయారవుతుంది. మామూలుగా చూస్తే ఏమీ తెలియదు. ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు పోలరాయిడ్ల (వెలుగుని ఒకే దిశలో వదిలే పలకల) మధ్య పెడితే నడుమ మూడు రెక్కల ఆకారం వెలుగుతుంది. అది చూసి కోతగాడు మధ్యభాగం వదిలేసి, చుట్టూ ఉన్న భాగంలోంచి లేజర్ కడ్డీలు తొలుస్తాడు. చేటంత కొలిమి, పదిహేను రోజుల కాపలా, చివరికి పెన్సిళ్లంత కడ్డీలు కొన్ని.

మేమున్నప్పుడు ఒకసారి రాత్రివేళ కరెంటు పోయి జనరేటర్ అందుకోవడానికి కొన్ని క్షణాలు పట్టింది. లైట్లు ఆరి వెలిగాయంతే. తెల్లారి చూస్తే కడ్డీ చుట్టూ వలయంలా గాటు. దానికి కింద పెరిగినదంతా పక్కన పెట్టారు. బ్యాకప్ మార్చమని సూపర్‌వైజర్ ముందునుంచీ అడుగుతూనే ఉన్నారు, ఆ ఖర్చుకి పైవాళ్లు సంతకం పెట్టలేదు. గాటు పడ్డ కడ్డీ వెల మార్చని బ్యాకప్ కంటే ఎక్కువని స్టోర్స్‌లో అందరికీ తెలుసు.

ఇప్పుడు మెరుగైన లేజర్లంటే చాలాచోట్ల నియోడిమియం బదులు యిటర్బియం వాడుతున్నారు. 808 నానోమీటర్ల వెలుగు పోసి 1064 తీసుకుంటే, నియోడిమియంలో దాదాపు 24 శాతం వేడిగా కడ్డీలోనే ఉండిపోతుంది. యిటర్బియంలో 940 పోసి 1030 తీస్తాం, వేడి 9 శాతం దాకా. వేడెక్కిన కడ్డీ తనే కటకమైపోయి కిరణాన్ని చెడగొడుతుంది కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. పెంచేవాళ్లకి ఇంకో సుఖం, యిటర్బియం యిట్రియం స్థానంలో సరిగ్గా ఇముడుతుంది. స్ఫటికం దాన్ని నెట్టదు. కడ్డీ ఈ చివర నుంచి ఆ చివరికి ఒకే పాళ్లు. కొలిమిలోంచి తీసినప్పుడు నీలంగా ఉంటుంది, ఆక్సిజన్ తక్కువై కొన్ని అయాన్లు వేరే స్థితిలో ఉండటం వల్ల. గాలిలో మళ్లీ వేడిచేస్తే ఆ నీలం పోయి నీళ్లలా తేటగా అయిపోతుంది. మొదటిసారి చూసినవాళ్లు రెండూ ఒకే రాయంటే నమ్మరు.

1995లో జపాన్‌లో ఇకెసుయే బృందం పింగాణీలా పొడిని అచ్చుపోసి కాల్చిన పారదర్శక యాగ్‌తో లేజర్ చేసి చూపించింది. లాగే పనిలేదు, ఇరీడియం మూసా లేదు. గార్నెట్‌లో అన్ని దిక్కులా కాంతికి ఒకే గుణం కాబట్టి రేణువులు ఎటు తిరిగి ఉన్నా ఫర్వాలేదు. కేడీపీకి ఆ దారి లేదు. అందులో కోణం కాస్త తప్పినా రంగు మారదు, రేణువులన్నీ ఒకే దిక్కు చూడాలి. అంటే ఒకే స్ఫటికం కావాలి. 2025 ఏప్రిల్‌లో కర్నూలు దగ్గర డీఆర్‌డీఓ 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్లను కూల్చినప్పుడు టీవీలో చర్చంతా కిలోవాట్ల గురించే. లోపలి పదార్థం ఎవరు చేశారు, ఎలా చేశారు అన్న ప్రశ్న ఒక్కరూ అడగలేదు. నాకు ఒళ్లు మండింది, చానల్ మార్చేశాను.

ఈ ఏడు నా విద్యార్థిని ఒకమ్మాయి ఈ పనిలోకి వెళ్తానంటోంది. ముమ్మిడివరం వైపు ఊరు, నాన్నగారిది కొబ్బరి వ్యాపారం. చెన్నైలో అన్నా యూనివర్సిటీకి క్రిస్టల్ గ్రోత్ సెంటర్ ఉంది, ఇండోర్‌లో లేజర్ల పరిశోధన చేసే రాజా రామన్న సెంటర్ ఉంది, రెండూ ప్రయత్నించమన్నాను. మొన్న వాళ్ల నాన్నగారు కాలేజీకి వచ్చారు. పనేంటండీ అన్నారు. కొలిమి పక్కన కూర్చుని స్ఫటికం పెరగడం చూడాలండీ, రాత్రి డ్యూటీలు కూడా ఉంటాయి, పదిహేను రోజులు చూశాక పగిలిపోయిందంటే మళ్లీ మొదలుపెట్టాలి అని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "ఆయ్, హాస్టల్లో భోజనం బాగుంటుందాండీ?" అని అడిగారు. చెన్నైలో సాంబారు అలవాటు చేసుకోవాలని చెప్పాను. దరఖాస్తు ఫారం ప్రింటు తీయించుకుని వెళ్లారు.